మ్యూజియంలో పసుపు దంచిన రోజు

2023 మాఘమాసం. నిడదవోలుకు దగ్గర్లోని మా చిన్న పట్నంలో, కాలువ గట్టున ఉన్న పాత లాకు బంగ్లాలో స్థానిక చరిత్ర మ్యూజియం నడుపుతున్నాను. పేరుకు క్యూరేటర్‌ని. వానకు పెంకులు కారినా చూసుకునేది నేనే.

ఓ ఉదయం సత్యవతి మామ్మగారు మనవరాలిని వెంటబెట్టుకుని వచ్చారు. ఇల్లు అమ్మేసినప్పుడు వాళ్ల రాతిరోలూ, రోకలీ మాకిచ్చింది ఆవిడే. ఇప్పుడు మనవరాలి పెళ్లి కుదిరింది. పసుపు దంచడానికి ఆ రెండూ ఒక్కపూట ఇంటికి పంపమన్నారు.

మాకు వచ్చిన ప్రతి వస్తువుకీ యాక్సెషన్ నంబర్ వేస్తాం. అది ఇక మ్యూజియం సొత్తని గుర్తు. నంబర్ పడ్డాక గేటు దాటకూడదు. ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం చిన్నబోయింది.

"ఇచ్చేసి మళ్లీ అడగడం బాగోదని తెలుసమ్మా. దీని తల్లికీ, పిన్నులకీ అందులోనే దంచాం. దీనికి మాత్రం కొట్టు పసుపు రాయమంటావా?"

వస్తువు గేటు దాటకూడదు గానీ, పెళ్లివారు లోపలికి రాకూడదని మా నిబంధనల్లో ఎక్కడా లేదు. కమిటీని ఒప్పించే పూచీ నాదని చెప్పి, వరండాలో దంచుకోమన్నాను. రాతికి పసుపు కొత్తేమీ కాదు. చిక్కల్లా రోకలితోనే. అది మా దగ్గరికి వచ్చేసరికే పుచ్చిపోతోంది, పురుగుల మందు పట్టించాం. అలాంటి మందు చెక్కలోంచి అంత తేలిగ్గా పోదు.

"రోకలిని మాత్రం ముట్టుకోనివ్వనండి మామ్మగారూ. అమ్మాయి ఒంటికి రాసే పసుపు కదా."

ఆవిడ అద్దాల పెట్టె దగ్గరికెళ్లి లోపలి రోకలిని చూశారు.

"దాన్ని బతికించడానికేగా మందేశావు. సరేలే, కొత్తది చేయిస్తాను."

అన్నట్టుగానే చండ్ర కర్రతో చేయించిన కొత్త రోకలి వచ్చింది. ముత్తయిదువలు రోలు కడిగి, రోకలికి పసుపు కొమ్ము కట్టి దంచడం మొదలుపెడితే బంగ్లా అంతా ఆ చప్పుడే. మ్యూజియం చూడ్డానికి వచ్చినవాళ్లు వరండా వదల్లేదు. నన్నూ ఓ పోటు వెయ్యమన్నారు. మొహమాటపడకుండా నాలుగు వేశాను. ఉద్యోగంలో అంత సంతోషపడ్డ రోజు నాకు మరొకటి లేదు.

వెళ్లేముందు మామ్మగారు కొత్త రోకలిని తుడిచి నా చేతికివ్వబోయారు, రోలు పక్కనే ఉంటుందని. తీసుకుంటే దానికీ నంబరూ, మందూ తప్పవని నేను తీసుకోలేదు.

"తరవాతి పెళ్లికి మీరే పట్టుకురండి."

మనవరాలు దాన్ని ఆటోలో ఒళ్లో పెట్టుకుని వెళ్లింది.

ఇప్పుడు ఎవరు ఏ వస్తువు తెచ్చిచ్చినా, మందు డబ్బా మూత తీసేముందు ఒక్కమాట అడుగుతాను: "దీంతో మీకింకా పనుందాండి?"