సిగ్గు తెలియకముందే నేర్పిన ఆట

మా పక్కింటి అంకుల్ గారు పోయారు. పోయిన నెల ఒక మంగళవారం ఉదయం నేను దేవుడి దగ్గర దీపం పెట్టి లేస్తుంటే ఫోన్ మోగింది. ఆంటీ గారు. "అమ్మా, మీ అంకుల్ ఇక లేరు. ఆస్పత్రి నుంచి ఇప్పుడే చెప్పారు" అన్నారు. ఆవిడ గొంతు నిలకడగానే ఉంది. "శనివారం పిల్లలు వచ్చేస్తారేమో. వాళ్ళ అమ్మానాన్నలకి నువ్వు చెప్పగలవా?" అని అడిగారు. ఆయన పోయిన పావుగంటకే ఆవిడకి ఆ పిల్లలు గుర్తొచ్చారంటే, ఆ ఇంట్లో శనివారానికి ఎంత విలువ ఉండేదో మీరే ఊహించుకోండి.

కెనడాలోని ఈ బ్రాంప్టన్‌లో మేం ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. మాకూ వాళ్ళకూ మధ్య ఒక చెక్క కంచె ఉంది. ఆయన ఓక్‌విల్‌లో కార్లు తయారుచేసే చోట చాలా ఏళ్ళు ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యారు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పొడుగ్గా, కాస్త వంగి నడిచేవారు. తెల్ల టోపీ ఒకటి ఎండకీ వానకీ తల మీదే ఉండేది. శనివారం ఉదయం పదింటికి మా వీధి చివరి పార్కులో ఆయన చుట్టూ ఏడెనిమిది మంది చిన్నపిల్లలు చేరేవారు. ఐదేళ్ళ నుంచి తొమ్మిదేళ్ళ దాకా ఉన్నవాళ్ళు. వాళ్ళకి ఆయన గోల్ఫ్ నేర్పేవారు.

గోల్ఫ్ అంటే అంతకుముందు నాకు తెలిసింది చాలా తక్కువ. డబ్బున్నవాళ్ళు చిన్న బండి వేసుకుని తిరుగుతూ ఆడేదని అనుకునేదాన్ని. ఈయన దగ్గర బండీ లేదు, పెద్ద మైదానమూ లేదు. ఒక బక్కెట్టు నిండా టెన్నిస్ బంతులు, వాటిని కొట్టడానికి పిల్లల ఎత్తుకు సరిపోయే ప్లాస్టిక్ క్లబ్బులు ఉండేవి. అసలు బంతి రాయిలా గట్టిగా ఉంటుంది కాబట్టి పార్కులో దాన్ని బయటికి తీసేవారు కాదు. నేను క్లబ్బును కర్ర అనేదాన్ని. ఆయన ఎన్నడూ దిద్దలేదు. కొన్నాళ్ళకి పిల్లలు కూడా కర్ర అనడం మొదలుపెట్టారు.

ఆయన నేర్పే పద్ధతి తిరగేసినట్టుండేది. దూరంగా కొట్టడం చివర్న. మొదటి రోజు గడ్డిలో చిన్న గుంతకు జానెడు దూరంలో బంతి పెట్టి "తొయ్యి" అనేవారు. ఎవరు తోసినా పడేది. పడనివ్వడానికే అక్కడ పెట్టేవారు. పై వారం మూరెడు, ఆ పై వారం రెండు మూరలు. "పడ్డ చప్పుడు ముందు చెవికి తెలియాలమ్మా. అది ఒకసారి విన్నాక, ఎంత దూరంలో నిలబెట్టినా ఆ చప్పుడు కోసం వాళ్ళే నడిచొస్తారు" అని ఒకసారి నాతో అన్నారు.

చలికాలం ఈ తరగతి వాళ్ళ బేస్‌మెంట్‌లోకి దిగేది. తివాచీ మీద స్టీలు గ్లాసు పడుకోబెట్టి, అందులోకి బంతి దొర్లించాలి. ఇక్కడ అసలు బంతి వాడనిచ్చేవారు. గ్లాసు టంగుమంటే పిల్లలు కేరింతలు కొట్టేవారు. ఆ గ్లాసులు ఆంటీ గారి పెళ్ళికి పుట్టింటివాళ్ళు పేరు చెక్కించి ఇచ్చినవి. "మా అమ్మ ఇచ్చిన సామానంతా సొట్టలు పెట్టించారు మహానుభావుడు. ఇంటికెవరైనా వస్తే ఈ గ్లాసుల్లో నీళ్ళివ్వాలంటే తలవంపులు" అని ఆవిడ మెట్ల మీద నుంచి గొణిగేవారు. "సొట్ట పడ్డ గ్లాసులో నీళ్ళు ఒలుకుతాయా ఏంటి?" అని ఆయన. కిందికి వచ్చేటప్పుడు మాత్రం ఆవిడే ఇంకో రెండు గ్లాసులు పట్టుకొచ్చేవారు.

పిల్లల తల్లిదండ్రులకి ఆయన పెట్టిన నియమం ఒకటే. బెంచీ దాటి ఇవతలికి రాకూడదు, నోరు తెరవకూడదు. మా వైపు పెద్దవాళ్ళకి ఇది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. హైదరాబాదు నుంచి వచ్చి టొరంటోలో సాఫ్ట్‌వేర్ పని చేసే ఒకాయన ఒకరోజు ఆగలేక, "అంకుల్, మావాడిలో టాలెంట్ ఉందంటారా? సీరియస్‌గా ట్రైనింగ్ పెట్టిస్తే స్కాలర్‌షిప్ దాకా వెళ్తాడా?" అని అడిగేశాడు. అంకుల్ గారు పిల్లవాడి కాళ్ళ వైపు చూశారు. "వెళ్తాడు బాబూ, ఎందుకెళ్ళడు? ముందు ఆ షూ లేసు కట్టుకోవడం రానివ్వండి, దారిలో పడిపోకుండా" అన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆ తండ్రే.

ఇంత చిన్నపిల్లలకి ఎందుకండీ ఇదంతా అని ఒకసారి నేనూ అడిగాను. ఆయన బంతులు ఏరుతూ చెప్పారు. ఈ దేశం వచ్చిన కొత్తలో, సోమవారం ఆఫీసులో అందరూ శనివారం ఆడిన గోల్ఫ్ గురించి మాట్లాడుకునేవారట. ఆయన కాఫీ కప్పు పట్టుకుని నవ్వుతూ నిలబడేవారట. చివరికి నలభై దగ్గర పడుతుండగా ఎవరికీ తెలియకుండా పొద్దున్నే వెళ్ళి నేర్చుకున్నారట. "కొట్టిన ప్రతిసారీ ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. బంతి మీద కన్ను పెట్టిందెప్పుడు? నేను సిగ్గుపడుతూ నేర్చుకున్నానమ్మా. వీళ్ళు సిగ్గు తెలియకముందే నేర్చుకోవాలి."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నా బిడ్డకు ఆరేళ్ళకే సిగ్గు తెలిసిపోయింది. నేర్పింది నేనే.

మా పాప నాకు నలభై ఒకటో ఏట పుట్టింది. ఎన్ని మొక్కులు మొక్కానో ఆ దేవుడికే తెలుసు. అంత ఆలస్యంగా ఇచ్చిన బిడ్డను ఏ లోపమూ లేకుండా పెంచి ఆయనకు చూపించాలని నాకుండేది. పాపకి ఎడమ చెయ్యి వాటం. చెంచా, పెన్సిలు, జడ రిబ్బను అన్నీ ఆ చేత్తోనే. బళ్ళో టీచర్ పట్టించుకోలేదు. నేను పట్టించుకున్నాను. ప్రసాదానికి ఎడమ చెయ్యి చాస్తే నాకు ప్రాణం చివుక్కుమనేది. నేను అరిచే మనిషిని కాను. మెల్లగా, రోజుకు పదిసార్లు, "మంచి చెయ్యి తల్లీ, మంచి చెయ్యి" అనేదాన్ని. అరవలేదు కాబట్టి నొప్పి కలగదనుకున్నాను.

మొదటి శనివారం పాప క్లబ్బు పట్టుకుని అందరికీ ఎదురు దిక్కుగా నిలబడింది. బెంచీ వెనక నుంచి నా నోట్లోంచి "మంచి చెయ్యి" అని వచ్చేసింది. పాప గబుక్కున ఇటు తిరిగింది. అంకుల్ గారు నా దగ్గరికి వచ్చి, "మీరు పొద్దున్నే వాకిట్లో ముగ్గు వేస్తారు కదమ్మా, నాకో సాయం చెయ్యండి. ఈ పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతున్నారు. గడ్డి మీద పిండితో సున్నాలు చుట్టిపెట్టండి. చేతిలో కర్ర ఉన్నంతసేపు ఎవరి సున్నాలో వాళ్ళుండాలి, ఇంకొకళ్ళు అడుగు పెట్టకూడదు" అన్నారు. అప్పటినుంచి ప్రతి శనివారం గోధుమపిండి డబ్బా పట్టుకెళ్ళడం నా పనయింది. బాతులు వచ్చి ముక్కులు పెట్టేవి. పిల్లలు వాటిని తరిమేవారు. నా నోటికి పని తగ్గించడానికి చేతికి పని ఇచ్చారని చాలా రోజులకు గానీ నాకు తెలియలేదు.

నేను మాత్రం ఊరుకోలేదు. దూరంగా కొట్టడం మొదలైన వారం ఇంటి దగ్గరే పాప కుడి మణికట్టుకి ఎర్ర దారం కట్టాను. "ఇది ఉన్న చెయ్యే ముందు పెట్టాలి. అంకుల్ గారి దగ్గర కూడా" అని చెప్పాను. పార్కులో పాప ప్రతిసారీ దారం చూసుకుని, కాళ్ళు సరిచేసుకుని, కుడివైపు వాళ్ళలా నిలబడి ఊపింది. మూడుసార్లు బంతికి తగల్లేదు. నాలుగోసారి క్లబ్బు చేతిలోంచి జారి కాలికి తగిలింది. ఏడవలేదు. పిండి సున్నా మధ్యలో కూర్చుని, నా వైపు చూసి, "అమ్మా, ఐ డోంట్ హావ్ ఎ గుడ్ హ్యాండ్" అంది.

రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది. అవి ఎవరివో అయినట్టు.

అంకుల్ గారు మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పాప పక్కన గడ్డిలో కూర్చున్నారు. నన్ను పిలిచారు.

"ఈ దారం ఎవరు కట్టారమ్మా?"

"నేనేనండి."

"దేవుడి దారమా? అయితే నేను ముట్టుకోను."

"కాదండి. గుర్తు కోసం కట్టాను."

"గుర్తు కోసమే అయితే విప్పేయొచ్చు కదా. మీ చేత్తోనే విప్పండి. నేను విప్పితే నేను గొప్పవాణ్ణవుతాను, మీరు చెడ్డవాళ్ళవుతారు."

ముడి బిగుసుకుపోయింది. విప్పడానికి చాలాసేపు పట్టింది. ఆయన ఆ సేపంతా పాపతో బాతుల గురించి మాట్లాడారు. తర్వాత, "లే చిన్నమ్మాయ్. నీకెలా బుద్ధి పుడితే అలా నిలబడు" అన్నారు. పాప నన్ను చూసింది. నేను తల ఊపాను. ఎదురు దిక్కుకు తిరిగి కొట్టింది. బంతి ఎగిరి బక్కెట్టు దాటి పడింది. బాతులన్నీ లేచిపోయాయి.

"ఈ దేశంలో హాకీ కర్ర పట్టుకుని పెరిగినవాళ్ళలో చాలామంది ఇలాగే నిలబడతారు. అలాంటివాళ్ళ కోసం క్లబ్బులే వేరుగా దొరుకుతాయి. వచ్చేవారం ఒకటి తెస్తాను" అన్నారు నాతో. ఆ రోజే వరస మార్చారు. పిల్లలందరూ ఒకే వైపు నిలబడితే ప్రతివాళ్ళకీ ముందువాళ్ళ వీపే కనిపిస్తుంది. ఎదురు దిక్కుకు తిరిగే మా పాపను వరస చివర నిలబెడితే, పక్కవాళ్ళకి దాని మొహం కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన పిల్లలను తీసుకొచ్చి దాని ఎదురుగా నిలబెట్టేవారు. "అద్దంలో చూసుకున్నట్టు ఆ అమ్మాయిని చూసి చెయ్యి" అనేవారు. ఆరేళ్ళ పిల్ల, నలుగురికి అద్దమైంది. మధ్యాహ్నం ఇంటికొచ్చాక అన్నం రెండోసారి పెట్టమని అడిగింది.

ఆ రోజు ఇంటికి నడుస్తూ ఆయనను అడిగాను. "పూజలో అక్షతలు, హారతి, ప్రసాదం, అవి కుడి చేత్తోనే కదండీ?"

"మీ దేవుడి గది సంగతి నేను చెప్పనమ్మా. ఆయనకీ మీకూ నాకంటే పరిచయం ఎక్కువ. నా సంగతి బంతి వరకే. బంతికి తగిలిందా లేదా, అంతే తెలుసు. ఏ చెయ్యో తెలియదు."

అలా ఒక ఒప్పందం కుదిరింది. పార్కులో ఎడమ, దేవుడి గదిలో కుడి. మూడేళ్ళు అలాగే నడిచింది. ఆయన ఒక్కనాడూ దాని గురించి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే నేను వాదించేదాన్ని. ఎత్తలేదు కాబట్టి, హారతి దగ్గర పాప ఎడమ చెయ్యి లేచి, ఆగి, వెనక్కి వెళ్ళి, కుడి చెయ్యి ముందుకు రావడం నేను రోజూ చూస్తూ ఉండాల్సి వచ్చింది. ఆ ఆగే క్షణం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు.

అంత్యక్రియలకి పిల్లలను తీసుకురావచ్చా అని తల్లులు ఫోన్లు చేశారు. తీసుకురండి అని అందరికీ నేనే ధైర్యంగా చెప్పాను. చిన్నగుంతలో బంతి వేయడం నేర్పినంత మెల్లగా ఇదీ ఆయనే నేర్పుతారని నాకు అనిపించింది. హాలులో ఆయనను పడుకోబెట్టారు. టోపీ లేకపోతే నుదురు ఎంత పెద్దదో అప్పుడే చూశాను. పంతులు గారు తల దగ్గర నిలబడి, పళ్ళెంలో పూలరేకులు పట్టుకుని ఒక్కొక్కరి చేతా వేయిస్తున్నారు. పెద్దవాళ్ళ తర్వాత పిల్లలు వరసగా వచ్చారు. మా పాప అందరికంటే ముందుంది.

పాప ఎడమ చేత్తో రేకులు తీసుకుంది. "కుడి చెయ్యి పాపా, కుడి చేత్తో వెయ్యాలి" అన్నారు పంతులు గారు, మంచిగానే. పాప చెయ్యి గాలిలో ఆగింది. రోజూ నేను చూసే ఆగడమే. నన్ను చూసింది.

నేను గుడిలో గానీ ఇంట్లో గానీ పంతులు గారి మాటకు ఎదురు చెప్పిన మనిషిని కాను. "ఆ చేత్తోనే వెయ్యనివ్వండి, అయ్యగారూ" అన్నాను.

"అది కాదమ్మా, శాస్త్రంలో..."

"తెలుసండి. కుడి చెయ్యి నేర్పింది నేనే. కానీ ఈయన దగ్గర దాని చెయ్యి ఇదే. ఇకమీదట మా దేవుడి దగ్గర కూడా ఇదే."

నా గొంతు పెద్దదేమీ కాలేదు. కానీ హాలులో అందరికీ వినబడింది. ఆంటీ గారు తలెత్తి చూశారు. పంతులు గారు పళ్ళెం ఈ చేతిలోంచి ఆ చేతికి మార్చుకుని, పాప ఎడమ చేతికి అందేలా ఇటువైపు పట్టుకున్నారు.

పాప ఆయన గుండెల మీద రేకులు పెట్టింది. చల్లలేదు, పెట్టింది. దాని వెనక నిలబడ్డ పిల్లలు అంతా చూస్తున్నారు. ఐదేళ్ళ పిల్లవాడు ఒకడు తన కుడి చేతిలో రేకులను చూసుకుని, జాగ్రత్తగా ఎడమ చేతిలోకి మార్చుకున్నాడు. వాడి వెనక పిల్లా మార్చుకుంది. ఆ వెనకవాళ్ళూ. అంకుల్ గారికి ఇలాగే వెయ్యాలి కాబోలు అనుకున్నట్టుంది. పంతులు గారు చివరి పిల్ల వేసి వెళ్ళేదాకా పళ్ళెం ఆ పక్కనే పట్టుకుని నిలబడ్డారు.