డబ్బా మీది బొట్టు

ఆదోనిలో పెళ్లిపత్రికలు డిజైన్ చేసే మద్దిలేటికి కోపమొస్తే ముందు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎక్కుతాయి, తర్వాత మౌసు బల్ల మీద ఠపీమంటుంది. ఆ వీధిలోని డిజైన్ షాపుల్లో అందరివీ దొంగ కాపీలే. అసలు సాఫ్ట్‌వేర్ కొన్నది తానొక్కడేనని అతనికి మహా గర్వం. దాని అట్టడబ్బాను కంప్యూటర్ పక్కనే పెట్టుకుని, ఏటా ఆయుధపూజకు కత్తెరతో పాటు దానికీ పసుపు రాసి కుంకుమ పెడతాడు. అలా పన్నెండు దసరాలు గడిచాయి. ఈమధ్య ఎమ్మిగనూరు ప్రెస్సు నుంచి వచ్చే కొత్త ఫైళ్లు ఆ పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోక గిరాకీ పక్క షాపుకు పోతోంది. పాతది కొన్నవాళ్లకు కొత్తది సగం ధరకే ఇస్తారని విని, ఇవాళ కంపెనీకి ఫోన్ చేశాడు.

"డబ్బా మీది నంబరు చెప్పండి సర్, మీకు అర్హత ఉందేమో చూస్తాను" అంది అవతలి అమ్మాయి.

నంబరు కుంకుమ కింద ఉంది. మద్దిలేటి చెప్పులు విడిచి, డబ్బాకు దండం పెట్టి, తడిగుడ్డతో పొరలు పొరలుగా తుడిచాడు. వేళ్లన్నీ ఎర్రబడ్డాక తేలిన అంకెలు ఒక్కొక్కటే చదివాడు.

"సారీ సర్. దీని తర్వాత మూడు వెర్షన్లు వచ్చాయి. పోయినసారి వెర్షన్ కొన్నవాళ్లకే అర్హత. మీరు మళ్లీ కొత్తగా కొనాల్సిందే."

"ఈడ దొంగ కాపీలోళ్లంతా సల్లగుండారు. అసలుది కొన్నోనికే అర్హత లేదంటావా?"

"రూల్ అంతే సర్. ఇంకేమైనా సాయం కావాలా?"

కళ్లద్దాలు నుదుటికెక్కాయి. మౌసు ఠపీమంది.

"యా సంవత్సరం కొన్నావని ముందే అడగొద్దా? పన్నెండు దసరాల బొట్టు తుడిపిస్తివి గదమ్మా, మళ్లా ఎవరొచ్చి పెట్టాల?"