ఆయన వద్దన్న రక్తపరీక్ష

నకరికల్లు దాటాక బర్రె అడ్డం రావడంతో బండి జారి ఇద్దరం పడ్డాం. నాకు మోచెయ్యి చీరుకుపోయింది. మా ఆయనకు గడ్డం కింద తెగింది. ఎవరో ఆటో ఆపి మమ్మల్ని నరసరావుపేటలో ఒక ఆసుపత్రికి చేర్చారు.

క్యాజువాలిటీలో నర్సు సూది తీసి చెప్పింది. "ఇక్కడికొచ్చిన అందరికీ హెచ్ఐవీ, రెండు రకాల కామెర్ల వైరస్ పరీక్షలు కూడా చేస్తన్నామమ్మా. మీ మీద అనుమానంతో కాదు. వద్దంటే వద్దని చెప్పొచ్చు, వైద్యం మాత్రం ఆగదు."

నేను చెయ్యి చాపాను. పక్క మంచం మీంచి ఆయన, "నాకొద్దు" అన్నాడు.

నర్సు సరేనని రాసుకుని వెళ్లిపోయింది. ఎందుకని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు.

మాకు పెళ్లయి ఆరేళ్లు. ఆయన మాచర్ల దగ్గర రాళ్ల పాలిష్ మిషన్ మీద పనిచేస్తాడు. అంతకుముందు రాళ్ల లారీల వెంట ఊళ్లు తిరిగాడు. ఆ ఊళ్లలో ఏం చేశాడో నాకేం తెలుసు? పక్కింటి పిన్ని దగ్గర వదిలొచ్చిన నాలుగేళ్ల పాప గుర్తొచ్చింది.

"ఎందుకొద్దన్నావు?" అన్నాను.

"ఏంది నీ గోల? అసలే నొప్పిగా ఉంటే."

కట్లు కట్టాక రెండు గంటలు రిపోర్టు కోసం కూర్చున్నాం. నా రిపోర్టు రాగానే నాకంటే ముందు ఆయనే లాక్కున్నాడు. ఒక్కొక్క లైనూ వేలు పెట్టి చదివాడు. ఏమీ లేదని తెలిశాక, కాగితం మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

పెళ్లికి ముందు తోటి పనివాడికి రక్తమివ్వబోతే, ఆయన రక్తంలో హెపటైటిస్ బి, అంటే నర్సు చెప్పిన కామెర్ల వైరస్‌లలో ఒకటి, ఉందని చెప్పారట.

"చెబితే నన్ను చేసుకునేదానివా?"

"నా సంగతి పోనీ. పాప కడుపులో ఉన్నప్పుడన్నా చెప్పొద్దా?"

"అప్పుడు నీకు పరీక్ష చేసి ఏం లేదన్నారు గదా. చానా భయపడ్డా. మళ్లీ నోరు రాలేదు."

ఆయన గడ్డం గీసుకునే బ్లేడు ఎవరినీ ముట్టుకోనివ్వడు. అది చాదస్తమనుకున్నాను ఇన్నాళ్లూ.

"లే. పోయి రక్తమియ్యి" అన్నాను. లేచి నర్సు దగ్గరికి పోయాడు.

వైరస్ ఉంది. లివర్ ఇంకా బాగానే ఉందని, ఆరు నెలలకొకసారి చూపించుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. కలిసి తింటే అంటుకోదంది. నాకు టీకా మొదలుపెట్టారు. పాపకు పసితనంలోనే టీకాలు వేయించాం. అయినా పరీక్ష చేయించాం. ఆ రిపోర్టు వచ్చేదాకా కుట్టుమిషన్ ముందు కూర్చున్నా ఒక్క జాకెట్టు కుట్టలేకపోయాను. పాపకేమీ లేదు.

నా మూడు డోసులూ అయిపోయాయి. కోపం మాత్రం పోయిందని చెప్పలేను. ఆయన కళ్లు కాస్త పచ్చగా అనిపిస్తే చాలు, పని వదిలేసి వాకిట్లోకి పిలిచి ఎండలో చూస్తాను. ఆయన కళ్లు పెద్దవి చేసి, నేను చాలనేదాకా నిలబడతాడు.