మారియప్పన్ అన్న ముందరే చెప్పుకున్న చాడీలు

ఒకప్పుడు రక్తదాన శిబిరాల్లో కలిసి పనిచేసిన వాళ్ళమంతా ఈ రోజు కోవిల్‌పట్టిలో మారియప్పన్ అన్న ఇంట్లో కలుసుకున్నాం. నన్నూ, జ్యోతినీ విరుదునగర్‌లో ఆయనే కారెక్కించుకున్నాడు. అప్పట్లో ఆయన మాకు లీడరు. ఆయనతో ఎప్పుడూ తమిళంలోనే మాట్లాడేవాళ్ళం. ఆయన మీద చాడీలు మాత్రం మా ఇంటి తెలుగులో, ఆయన ముందరే చెప్పుకునేవాళ్ళం.

ఈ రోజూ అంతే. సాత్తూరు రాకముందే వెనక సీట్లో జ్యోతి మొదలుపెట్టింది. "ఎద్దులబండి కూడా మనల్ని దాటిపోతాదే. ఆ జుట్టుకు రంగు చూడు, బూటు పాలిష్ పూసినట్టుండాది." నవ్వు ఆపుకోలేక నాకు దగ్గొచ్చింది. అన్న పాపం నీళ్ళ బాటిల్ అందించాడు.

ఇంటి ముందు కారు ఆగగానే వాళ్ళమ్మ బయటికొచ్చింది. "ఏందిరా ఇంత తడవు? ఆడపిల్లలు ఆకలితో ఉంటారు కదా!"

అచ్చం మా ఇంటి తెలుగు! జ్యోతి మొహం పాలిపోయింది. "అన్నా, మీకు తెలుగొచ్చా?"

"మా ఇంట్లో మాట్లాడేది అదే కదమ్మా," అన్నాడు అన్న తీరిగ్గా కారు దిగుతూ.

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదే?"

"చెప్పుంటే మీరిద్దరూ నోరు మూసుకొని కూర్చునేవాళ్ళు. నాకు పొద్దెట్లా పోయేది?"

భోజనాల దగ్గర మేమిద్దరం తలెత్తితే ఒట్టు. ఇక ఆయన్ని ఆడిపోసుకోవాలంటే ఏ భాష నేర్చుకోవాలో మీరే చెప్పండి.