ఇనుప స్తంభం వయసు

మా మేడ మీద వాటాలో ఉండే లైన్‌మన్‌కు ఎత్తంటే భయం లేదు. అతని భయమల్లా మా గేటు ఎదురుగా ఉన్న ఇనుప స్తంభమంటేనే. దాని మొదలు తుప్పు తినేసి రేకులు రేకులుగా రాలుతోంది. వీధిలో ఫ్యూజు పోతే దాన్నే ఎక్కాలి. అతను నడుముకు బెల్టు కట్టుకోగానే పైన అతని పెళ్లాం కుట్టుమిషను చప్పుడు ఆగిపోతుంది. మొగుడు నేల మీద కాలు మోపాక గానీ ఆ పిల్ల మళ్లీ తొక్కదు.

స్తంభం మార్చమని అతను అడగని రోజు లేదు. ఇదివరకు కాగితం రాసిస్తే ఎప్పటికో కదిలేది. ఇప్పుడు ఆఫీసులో స్తంభాలనూ పనులనూ కంప్యూటర్లోకి ఎక్కించారు. అందులో ఉన్న స్తంభానికే పని పుడుతుంది. మాది అందులో లేదు. దాన్ని రాసుకుంటూ పక్కనే వీధి దీపం సిమెంటు స్తంభం ఉంది. రెండూ ఒకేచోట కనబడేసరికి, ఒకటే రెండుసార్లు పడిందనుకుని ఇనుపదాన్ని కొట్టేశారు.

“మళ్లీ చేర్చలేవా నాయనా?” అన్నాను.

“చేర్చొచ్చు పెద్దమ్మా. ఎప్పుడు పాతారో చెప్తేనే ముందుకు పోతుంది. ఆఫీసులో ఎవరికీ తెలీదు. నీకేమైనా గుర్తుందా?”

ఎవరింట్లో ఏ గిన్నెకు సొట్ట పడిందో కూడా నాకు కావాలని వీధంతా దెప్పుతుంది. చివరికి నా దగ్గరికే వచ్చారు! మా పెద్దమ్మాయికి పళ్లొస్తున్న ఏడు పాతారు. దాని గిలక్కాయ ఆ గోతిలో పడితే కూలీ తీసిచ్చాడు. ఆ పిల్లకిప్పుడు కోడలొచ్చింది.

లెక్కకట్టి ఆ ఏడాదే వేశాడు. మర్నాడు మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“అంత పాతవి ఎప్పుడో తీసేసి ఉంటారని, కంప్యూటరు దానంతటదే ‘తొలగించారు’ అని చూపిస్తోంది. లేనిదాన్ని మార్చడమేంటంటోంది.”

“ఎదురుగా దిష్టిబొమ్మలా నిలబడి ఉంటేనా!”

“దానికి కళ్లెక్కడున్నాయి?”

“అయితే వయసు తగ్గించు. పెళ్లిచూపుల్లో తగ్గించడం లేదూ?”

తగ్గించాడు. కొత్త స్తంభానికి అప్పుడే మార్పేమిటని తిప్పికొట్టింది. ముసలిదంటే చచ్చిందంటుంది, పడుచుదంటే నీకేం రోగమంటుంది! మూడోసారి నడివయసు చెప్పాడు. ముందు తనిఖీ జరగాలి, వరుసలో ఉండమంది.

ఆ వారంలోనే, మాడు పగిలే ఎండలో ఫ్యూజు పోయింది. అతను స్తంభాన్ని చేత్తో ఊపి చూశాడు. పైన తీగలు ఊగాయి. బెల్టు విప్పేశాడు.

“ఎక్కను.”

“జీతం రోజున ఆఫీసు మెట్లు మాత్రం బాగానే ఎక్కుతావు!” అన్నాడు పిండిమర ఆయన.

“నువ్వెక్కు బాబూ, మేం కింద నిలబడి చూస్తాం,” అన్నాను.

ఎక్కనందుకు ఫోన్‌లో కారణం నొక్కాలట. సామాను లేదు, మనిషి లేడు, వాన. ఇంతే ఉన్నాయి. స్తంభం పాడైందని చెప్పే దారే లేదు. చెమటలు కక్కుతూ ‘వాన’ నొక్కాడు.

ఆ వానను చూడటానికి ఇంజనీరుగారే జీపులో దిగారు.

“ఏదయ్యా నీ వాన?”

లైన్‌మన్ స్తంభం మొదలు చూపించాడు. ఆయన బూటుతో తన్నారు. బూటు లోపలికి దిగబడింది. లాక్కోవడానికి సిమెంటు స్తంభం పట్టుకోవలసి వచ్చింది. వెంటనే ఫోటో తీశారు. ఇది సిమెంటు స్తంభం, బాగానే ఉంది అని చూపించిందట ఫోను.

“దీని దుంప తెగ!” అన్నారు ఇంజనీరుగారు.

మనిషిని పైకెత్తే బుట్ట లారీ తెప్పించి ఫ్యూజు వేయించారు. ప్రస్తుతానికని ఇనుపదాన్ని సిమెంటుదానికి తీగతో కట్టించి వెళ్లారు. ఆ ప్రస్తుతమే ఇంకా నడుస్తోంది. లెక్కలో లేని స్తంభాన్ని మోసి మోసి ఉన్న సిమెంటుది కూడా ఒక పక్కకు ఒరిగింది. ఎండలో వాన కురిపించినందుకు లైన్‌మన్‌ను సంజాయిషీ మాత్రం అడిగారు.

నిన్న మళ్లీ ఫ్యూజు పోయింది. అతను లారీకి ఫోన్ చేసి మా అరుగు మీద కూర్చున్నాడు. లారీ రాలేదు. వీధంతా అతన్ని తిట్టిపోసింది. పైన మిషను మాత్రం ఆగలేదు.