సంబరం కాగితంలో ఖాళీలు

చేతిలో ఒక స్కేలు, జేబులో ఒక కలం, బుర్రలో ఒక పద్ధతి ఉంటే చాలు, లోకాన్ని సరిచేయడానికి ఇంకేమీ అక్కర్లేదని మనిషికి అనిపించే వయసు ఒకటుంటుంది. ఆ రోజుల్లో నాది సరిగ్గా ఆ వయసే. రంగూను రేవు దగ్గర ఒక సరుకుల ఆఫీసులో కొత్తగా గుమాస్తాగా చేరాను. నా బల్ల మీద పెన్సిళ్లు పొడవు వారీగా పడుకుని ఉండేవి. రోజూ డైరీ రాసేవాణ్ణి. రాయడానికేమీ లేని రోజున 'ఈ రోజు రాయడానికేమీ లేదు' అని రాసి, కింద సంతకం పెట్టేవాణ్ణి. (రాయడం ఇప్పటికీ మానలేదు. సంతకం మాత్రం మానేశాను.) ఇలాంటి వాడికి ఎవరైనా పిల్లల్ని అప్పగిస్తారా? లమ్మడా పేటలో మా తెలుగువాళ్ల అమ్మవారి గుడి పెద్దలు అప్పగించారు. ప్రతి ఆదివారం గుడి వెనక చావిడిలో మన పిల్లలకు తెలుగు చదవడం నేర్పమన్నారు. ఇక్కడ మాస్టారిని 'సయా' అంటారు. నాకు మీసం ఇంకా సరిగా కుదురుకోలేదు. అయినా తల నెరిసినవాళ్లు కూడా 'సయా' అని పిలుస్తుంటే, నిజంగానే నాకేదో తెలుసని నమ్మడం మొదలుపెట్టాను.

పిల్లలు వారమంతా బర్మా బడికి వెళ్లేవారు. ఇంట్లో అమ్మమ్మ తెలుగులో తిడితే బర్మీస్‌లో జవాబు చెప్పేవారు. అలాంటివాళ్లు అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు ఇట్టే పట్టేసి, వాచకాన్ని గడగడా చదివేస్తుంటే నాకు నా మీదే గౌరవం పెరిగిపోయింది. సరిగ్గా అప్పుడు మేస్త్రి తాత వచ్చాడు. ఆయన గుడి ప్రెసిడెంటు. (ఆయన తాతగారు రేవులో కూలీల మీద మేస్త్రి. పని పోయినా బిరుదు ఇంట్లోనే ఉండిపోయింది.) ముందు వరసలో కూర్చున్న పిల్లను లేపాడు. అది పబేడాన్ పేట దర్జీ తాత మనవరాలు. దాన్ని అందరం 'పిడుగు' అనేవాళ్లం. పిడుగు లేచి, వ్యవసాయం పాఠం మొత్తం ఊపిరి తీసుకోకుండా చదివేసింది.

"బాగున్నాదే గుంటా. ఏటి సదివినావు?" అన్నాడు మేస్త్రి తాత.

"తెలుగు, తాతా."

"తెలుగేనని నాకు తెల్దేటి? అందులో ఏటున్నాదీ అని."

పిడుగు పుస్తకం పేజీ అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఎద్దు బొమ్మ ఉన్నాది," అంది.

మేస్త్రి తాత నా వైపు తిరిగాడు. "సూడు సయా, సిలకలకి మాటలు నేర్పడానికి మనకి సావిడెందుకు? పప్పుల యాపారి గోనెలేసుకుంటానని ఎప్పటినుంచో నా కాళ్లకి అడ్డం పడతన్నాడు. ఒక్క పని సెయ్యి. ఏటా అమ్మోరి సంబరం కబురు ఇంటింటికీ నాను అప్పసెప్తాను, ఈ ఏడు సెప్పను. అదే కాగితం మీద రాసి గుంటల సేత ఇళ్లకి పంపు. ఆళ్లు సదివి ఇంట్లోవోళ్లకి సెప్పాల. సదివిన పెకారం జనం వచ్చినారా, సావిడి నీది. నేదా, గోనెలదే."

ఈ పందెం ఎంత ప్రమాదకరమైనదో చెప్పాలి. మావాళ్లలో పెద్దలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పిల్లలకు చదవడం వచ్చు, చదివింది తలకెక్కదు. అమ్మవారి సంబరం కబురు ఈ ఇద్దరి మధ్యలోంచి నడిచి వెళ్లాలి. అది దారి తప్పిందంటే, ఆ చావిడిలో రేపటినుంచి కందిపప్పు కూర్చుంటుంది.

నేనప్పుడు సంచౌంగ్ పేటలో ఒక ఇరుకు గదిలో ఉండేవాణ్ణి. పక్క వాటాలో ఒక బర్మా టీచరమ్మ ఉండేది. వీధంతా ఆమెను 'సయామ' అనేది. మెట్ల మీద ఎదురైతే నా గోడు వెళ్లబోసుకున్నాను. ఆమె బుట్టలోని ఆకుకూర సర్దుకుంటూ తన భాషలో తేలిగ్గా చెప్పింది. "పాఠంలో అక్కడక్కడ ఒక మాట తీసేసి ఖాళీ వదిలిపెట్టు. అక్కడ ఏముండాలో వెతకాలంటే పిల్లలు ముందూ వెనకా అర్థం చేసుకోక తప్పదు. అయితే ఏ మాట తీయాలో కాస్త ఆలోచించి తియ్యి, సయా." మొదటి సగం వినగానే నేను గదిలోకి పరిగెత్తాను. రెండో సగం మెట్ల మీదే ఉండిపోయింది. ఆలోచిస్తే పక్షపాతం వస్తుంది, పద్ధతి అంటే అందరికీ ఒకటే కదా! అందుకని వేలితో లెక్కపెట్టుకుంటూ ప్రతి పదో మాటా తీసేసి, స్కేలు పెట్టి గీత గీశాను.

ఏ పాఠంలోంచి అనుకున్నారు? పిల్లలు ఎన్నడూ చూడని ఎద్దుల పాఠం ఎందుకు, సంబరం కాగితంలోంచే! నా పథకం ఇది. ఒక ఆదివారం ఖాళీల కాగితం ఇస్తాను, ఇంటి దగ్గర నింపుకుంటారు. మరుసటి ఆదివారం అసలు కాగితం ఇస్తాను, సరిచూసుకుని ఇంట్లో చదివి వినిపిస్తారు. రెండింటికీ పైన అమ్మవారి బొమ్మ వేసి, సైక్లోస్టైల్ తీయించాను. ఆ రోజు డైరీలో 'ఏర్పాట్లలో లోపమేమీ లేదు' అని రాసి, సంతకం కాస్త పెద్దదిగా పెట్టాను.

అమ్మవారి దయవల్ల సంబరం రోజు పదో మాట కాలేదు, కాగితంలో అలాగే మిగిలింది. తక్కినదంతా పోయింది. మాట పోయినచోట గీత. 'ఉదయం గీత గంటలకు రావలెను. వానలు మొదలగు కాలము గనుక ప్రతి ఇంటివారును మరువక గీత తీసుకురావలెను.' ఊరేగింపు దగ్గర 'అందరికంటె ముందు గీత నడుచును.' పిల్లలు ఎంత ఉత్సాహంగా తీసుకువెళ్లారో! నాకు తెలియనిదల్లా ఆ ఇళ్లలో ఏం జరిగిందన్నదే. అమ్మవారి బొమ్మ కనబడగానే తల్లులు కాగితానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెట్టేశారు. పిల్లలు తాము నింపిన మాటలతో సహా చదివి వినిపించారు. మరుసటి ఆదివారం అసలు కాగితం ఇంటికి వెళ్తే, "ఇది మనకాడ ఉన్నాది గదా" అని దాంట్లో పకోడీలు పొట్లం కట్టుకున్నారు.

సంబరం రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని గుడికి వెళ్లేసరికి పూజారి గుమ్మంలో తల పట్టుకుని ఉన్నాడు. సంచౌంగ్ నుంచి ఒక కుటుంబం తెల్లారకుండానే వచ్చి, ఆయన్ని నిద్రలేపి, క్యారియరు నిండా మొహింగా ఇచ్చిందట. (ఉదయం పూట మేమంతా తినే చేపల పులుసు సేమ్యా అది. ఆ ఇంటి పిల్లవాడు గీత మీద అదే రాశాడు, ఉదయం అనగానే ఇంకేం తోస్తుంది?) ఆ తరువాత ఒక ఇల్లు గొడుగులతో దిగింది. ఇంకో ఇల్లు కుర్చీలు మోసుకొచ్చింది, పోయినేడు అమ్మమ్మకు కూర్చోవడానికి చోటు దొరకలేదట. ఒకరు పొరుగింటి బర్మా కుటుంబాన్నే వెంటబెట్టుకొచ్చారు. అసలు కాగితంలో ఉన్నది వేపాకు. అది మాత్రం ఒక్కరూ తేలేదు.

"ఏటిదంతా?" అన్నాడు మేస్త్రి తాత.

కుర్చీ నెత్తిన పెట్టుకున్న ఆవిడ దించకుండానే జవాబిచ్చింది. "కాగితంలో తెమ్మన్నారు, తెచ్చినాం. మా గుంటడు సదివినాడు. అమ్మోరి కాగితం అబద్ధమాడతాదేటి?"

మేస్త్రి తాత మెల్లిగా నా వైపు చూశాడు. నేను గుడి గోపురం వైపు చూశాను. పూజారి ఎవరినో వేపకొమ్మ విరవడానికి తరిమాడు. ఇంతటితో అయితే ఎలాగో గట్టెక్కేవాణ్ణే. కానీ డప్పులు మొదలయ్యేసరికి గుడి ముందు తాతలు కనబడ్డారు. ఒకరు కాదు. పట్టు లుంగీలు, తలపాగాలు, ఒకాయన మెడలో బంతిపూల దండ. అందరికంటే ముందు దర్జీ తాత, కొత్తగా కుట్టుకున్న నల్లకోటులో, ఆ ఎండలో మెడ దాకా గుండీలు పెట్టుకుని. ప్రతి ఇంట్లోనూ ఊరేగింపుకు ముందు నడిచేది ఆ ఇంటి తాతే!

"తప్పుకో బావా," అన్నాడు మేస్త్రి తాత. "మా అయ్య పోయిన కాడినుంచి ముందు నడిసేది నాను."

"నాకేటి తెల్సు బావా? కాగితంలో నన్ను నడవమన్నారు. అమ్మోరి మాట నాను కాదంటానా?"

"ఒసే పిడుగూ! ఇలా రాయే. ఆ కాగితం సదువు."

పిడుగు దేవుడి గూట్లోంచి తీసి కాగితం వెంటే తెచ్చుకుంది. ఈసారి గడగడా చదవలేదు. వేలు పెట్టి, ఆగి ఆగి చదివింది. "ఊరేగింపులో వయసున పెద్దవారికి మొదటి స్థానము. కావున అందరికంటె ముందు... మా తాత... నడుచును."

"మీ తాతని రాయమని ఎవులు సెప్పినారే?"

"ఎవులూ సెప్పనేదు. పై వరసలోనే ఉన్నాది గదా తాతా, వయసున పెద్దవారు అని. మా తాత నీకన్నా పెద్దోడు. నీ సిన్నప్పటి లాగులన్నీ మా తాతే కుట్టినాడంట."

డప్పులవాళ్లు నవ్వు ఆపుకోలేక డప్పులు ఆపేశారు. నాకు మాత్రం రెండు సంగతులు ఒకేసారి తెలిశాయి. ఆ పిల్లకు అర్థమైంది, నా చావిడి పోయింది. ఈలోగా మిగిలిన పిల్లలు కాగితాలు తీసి తగువుకు దిగారు. "పై వరస సూడు!" "సూసినాను, మా తాత ఇంకా పెద్దోడు!" అంటూ సగం తెలుగు, సగం బర్మీస్. ఎవరిని అడిగినా వేలు ఆ పై వరస మీదే పెడుతున్నారు.

మేస్త్రి తాత వంగి ఆ వేళ్ల కింద ఏముందో చూశాడు. తరువాత అడిగాడు. "సయా, అసలు కాగితంలో అక్కడ ఏటున్నాది?"

"ప్రెసిడెంటుగారు అనుంది," అన్నాను. 

"మరి పై వరస?"

"వయసున పెద్దవారు..."

"అయితే రెండూ కలవవు గదేటి!" అన్నాడు. "ఏటా అదే కబురు నాను అప్పసెప్తన్నాను, నువ్వు అచ్చేసినావు. ఇద్దరికీ తట్టనేదు. గుంటలకి తట్టింది." తలపాగా ఒకసారి సర్దుకుని, దర్జీ తాత చెయ్యి పట్టుకున్నాడు. "రండర్రా ముసలోళ్లందరూ. ఎవుడు పెద్దోడో నడుస్తూ తేల్సుకుందాం."

ఆ ఇరుకు వీధిలో తాతలంతా ఒకే వరసగా నడిచారు. వెనక వచ్చిన బస్సు హారన్ కొట్టి కొట్టి, చివరికి అదీ ఊరేగింపులో కలిసిపోయింది. ఎవరు పెద్దో తేలలేదు. తిరిగొచ్చి ఆయాసపడుతూ కుర్చీల్లో కూర్చుని, మొహింగా తింటూ కూడా అదే వాదన.

సాయంత్రం నేను చావిడి తాళంచెవి తీసుకెళ్లి మేస్త్రి తాత ముందు పెట్టాను.

"ఇది నాకేల?"

"గోనెలకి..."

"నానేటన్నాను? సదివిన పెకారం రావాలన్నాను. ఒక్కడైనా సదివిన పెకారం రాకుండా ఉన్నాడా?" తాళంచెవి నా వైపు తోసేశాడు. "గోనెలు ఇంకో కొంప సూసుకుంటాయి. కానీ సయా, వచ్చే ఏడు నా పేరు కాడ మాత్రం గీత గియ్యకు."

ఇది జరిగి చాలాకాలమైంది. మేస్త్రి తాత లేడు, దర్జీ తాత లేడు. పిడుగు ఇప్పుడు తన మనవలను చావిడికి పంపిస్తుంది. ఆఫీసు నుంచి రిటైరయ్యాను గానీ ఆదివారాల నుంచి కాలేదు. పదో మాట లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను. ఏ మాట తీయాలా అని ఒక్కోసారి శనివారమంతా కూర్చుంటాను. ఆనాటి స్కేలు పట్టుకున్న కుర్రాడు నన్ను చూస్తే, ముసలాడికి పద్ధతి లేదని డైరీలో రాసుకునేవాడు.

మొన్న ఒక కాగితం ఇచ్చాను. 'మధ్యాహ్నము. కరెంటు లేదు. ఫ్యాను ఆగిపోయినది. భోజనము చేసిన మాస్టారు కుర్చీలో కూర్చుని' అని రాసి, తరువాత గీత గీశాను. నా లెక్కలో అక్కడ ఉండవలసింది 'విసురుకొనుచున్నారు'. మధ్యాహ్నమే, కరెంటు నిజంగానే లేదు. పిల్లలు రాస్తారు కదా అని కుర్చీలో వెనక్కి వాలాను. ఎంతసేపైందో, చెవి దగ్గర గుసగుసలు వినబడ్డాయి.

"పాఠం చెబుతున్నారు అని రాద్దామా?"

"కాదు, ముందు చదువు. భోజనం చేసిన అని ఉంది. ఫ్యాను కూడా లేదు. ఇంకేం చేస్తాడు? చూడు, నోరు కూడా తెరిచే ఉంది."

"అవును, నిద్రపోతున్నారు అని రాసెయ్. ఉష్, మెల్లిగా! తాత లేస్తే జవాబు తప్పయిపోద్ది."

పిల్లల మార్కులు పోగొట్టడం ఇష్టంలేక, అందరూ రాసేదాకా నేను కళ్లు తెరవలేదు.