సుమన వెనుక నుంచి గీసిన ఏనుగు

నాలుగోసారికి సుమన గీసిన ఏనుగు నమూనాను నాటకంవాళ్లు ఖాయం చేశారు. నేతపనివాళ్ల పేట పాండేసరలో ఆమె తాత సదానందం ఈ కబురు చెప్పని గడప లేదు.

అంతకుముందు మూడుసార్లు తాళ్లు కట్టి ఆడించే బొమ్మల నాటకం నడిపే జ్యోత్స్నాబెన్, "అందంగా ఉంది, కానీ ఆడించడానికి పనికిరాదు" అని కాగితం తిప్పి ఇచ్చింది. ఇక గీయనని సుమన కూర్చుంటే, ముప్పై ఏండ్లు మగ్గం నడిపిన సదానందమే అన్నాడు: "మనం చీరను బోర్లా నేస్తం గద బిడ్డా, మనకు కనబడేది వెనుకవైపే. నీ ఏనుగును గూడ వెనుక నుంచి గియ్యి."

మగ్గం డిజైన్లు వేసే గళ్ల కాగితం మీద సుమన వీపు, కీళ్లు, తాడు కట్టే చోట్లు అన్నీ గీసింది. తొందరలో మొహం గీయడమే మరిచింది. జ్యోత్స్నాబెన్ నవ్వబోయేలోపే, బొమ్మలు చేసే మిస్త్రీ కాగితం లాక్కున్నాడు.

"మొహం నేను పెడతా బెన్. తాడెక్కడ కట్టాలో ఇన్నాళ్లకు ఒకరు గీసి చూపించారు."

"పిల్ల గీస్తే నువ్వెందుకు కాలర్ ఎగరేస్తున్నవ్ బావా?" అన్నాడు పక్కింటి ముత్యం, కబురు చెప్పొచ్చిన సదానందంతో.

"చెయ్యి దానిది, కన్ను నాదిరా."

ఇప్పుడు అడవి సెట్టంతా గీయమని సుమనను అహ్మదాబాద్ తీసుకుపోయారు. ఆటలో ఏనుగు ఎట్లా నడిచిందో ఆమె తిరిగొచ్చి చెప్పేది ఫిబ్రవరి పద్దెనిమిది, బుధవారం నాడు.